ఎవరి శోకం? ముంక్ ‘జబ్బుపడిన పిల్ల’ చిత్రం, తెలుగు విమర్శలో ‘అభివ్యక్తివాదం’

‘అభివ్యక్తివాదం’ అనే మాట తెలుగు శాఖల తరగతి గదుల్లో రెండు సందర్భాల్లో వినిపిస్తుంది. మొదటిది అలంకారశాస్త్రం చెప్పే గంట. భట్టలోల్లటుని ఉత్పత్తివాదం, శంకుకుని అనుమితివాదం, భట్టనాయకుని భుక్తివాదం, వాటి తర్వాత అభినవగుప్తుని అభివ్యక్తివాదం. రెండోది ఆధునిక కవిత్వ ధోరణులు చెప్పే గంట. అక్కడ అదే మాట యూరప్‌లో ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో బలపడిన ఎక్స్‌ప్రెషనిజానికి తెలుగు పేరు. వ్యక్తీకరణవాదమని అనేవారూ ఉన్నారు గాని పాత మాటకే వాడుక ఎక్కువ. ఈ రెండు గంటల మధ్య ఒక గోడ ఉంది. కావ్యంలోని శోకం కవి సొంత దుఃఖం కాదని మొదటి గంటలో రాసుకున్న విద్యార్థి, కళాకారుడి గుండె బద్దలై బయటికి దూకిన సొంత దుఃఖమే అభివ్యక్తి అని రెండో గంటలో రాసుకుంటాడు. ఒకే మాటకు ఒకదాన్నొకటి కొట్టేసే రెండు అర్థాలు ఒకే నోటుపుస్తకంలో పక్కపక్కనే ఉంటాయి. పరీక్షలో రెండింటికీ మార్కులు వస్తాయి కనుక ఈ వైరుధ్యం ఎవరికీ ఇబ్బంది కలిగించదు.

ఇబ్బంది కలగాల్సింది పరిశోధన దగ్గర. శోకకవిత్వం మీద వెలువడే వ్యాసాలు సాధారణంగా ఒక మరణంతో మొదలవుతాయి. కవి భార్యో, బిడ్డో, మిత్రుడో పోయిన సంవత్సరం, ఆ సమయానికి కవి వయసు, ఆ తర్వాత కవి మానసిక స్థితి. ఆపైన పద్యాలు ఆ మరణానికి సాక్ష్యపత్రాలుగా వరుస కడతాయి. ఎక్కడ పద్యం బలంగా ఉంటే అక్కడ కవి బాధ బలమైనదని రాస్తారు. ఎక్కడ కవి బాధ బలమైనదని జీవితచరిత్ర చెబుతుందో అక్కడ పద్యం కూడా బలమైనదేనని నమ్మిస్తారు. ఈ వలయానికి పాశ్చాత్య ప్రామాణ్యం కావాల్సి వచ్చినప్పుడు ఎక్స్‌ప్రెషనిజం పేరు, దానికి తోడు నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ ముంక్ (1863–1944) పేరు ఆదుకుంటాయి. ‘కేక’ చిత్రాన్ని చూసినవారూ చూడనివారూ దాన్ని ఉదహరిస్తారు. కళ అంటే కేక అని ఆ చిత్రం పేరే రుజువు చేస్తున్నట్టు వ్యవహరిస్తారు.

ఆ వాదానికి మరింత అనుకూలంగా కనిపించే చిత్రం ముంక్‌దే ఇంకొకటి ఉంది. ‘జబ్బుపడిన పిల్ల’ దాని పేరు. మొదటి ప్రతి 1885–86లో పూర్తయింది. చిన్న వయసు, చావు, చిత్రకారుడి సొంత ఇల్లు, మూడూ అందులో ఉన్నాయి. కళను సొంత దుఃఖపు పొంగుగా చదివే పద్ధతికి ఇంతకన్న బలమైన ఆధారం దొరకదు. కనుక ఆ పద్ధతిని పరీక్షించవలసిందీ ఇక్కడే. ఇక్కడ నిలవకపోతే అది మరెక్కడా నిలవదు.

ముందు చిత్రం. దాదాపు చదరంగా, పక్కకు సుమారు 120 సెంటీమీటర్లున్న కాన్వాసు. ఎర్రటి జుట్టున్న ఒక పిల్ల పెద్ద తెల్లదిండుకు ఆనుకుని కూర్చుంది. ముఖం పక్కకు తిరిగి ఉంది. చూపు కుడివైపు చీకటిగా వేలాడే తెర మీదికి పోతున్నది. ఆ చూపుకు ఎదురుగా ఒక స్త్రీ తల పూర్తిగా వంచి కూర్చుంది. ఆమె ముఖం మనకు దొరకదు, నల్లటి జుట్టుముడి మాత్రమే దొరుకుతుంది. ఇద్దరి చేతులూ కలిసే చోట చేతులు లేవు, రంగు ముద్ద ఉంది. ఎడమ పక్కన సొరుగుల బల్ల మీద మందుసీసా, కుడివైపు ముందుభాగంలో ఒక గ్లాసు. వీటన్నిటి మీదా గీతలు. ఆరీ ఆరని రంగును గట్టి మొనతో గీకినట్టు, తుడిచినట్టు, మళ్ళీ పూసి మళ్ళీ గీకినట్టు. పిల్ల ముఖం దగ్గర మాత్రమే ఆ గీకుడు కాస్త శాంతిస్తుంది. చావుబోయే పిల్ల ఏడవడం లేదు, బతికి ఉండబోయే స్త్రీ కుంగిపోయింది. ఓదార్పు ఎటునుంచి ఎటు పోతున్నదో తెలియని ఈ తలకిందుల స్థితి చిత్రానికి ప్రాణం. దీన్ని గమనించడానికి చిత్రకారుడి ఇంటి సంగతులేవీ తెలియనక్కరలేదు.

అయితే ఆ సంగతులనే ముందు చెబుతారు. చెప్పేవి నిజాలే. ముంక్‌కు అయిదేళ్ళున్నప్పుడు, 1868లో, తల్లి క్షయతో చనిపోయింది. 1877లో అక్క సోఫీ పదిహేనేళ్ళకే అదే జబ్బుతో పోయింది. అప్పటికి ముంక్‌కు పద్నాలుగేళ్ళు నిండలేదు. తండ్రి సైనిక వైద్యుడు, పరమ భక్తుడు. ఆయన వైద్యం గాని ప్రార్థన గాని ఆ ఇంట్లో క్షయను ఆపలేకపోయాయి. క్షయ సూక్ష్మజీవిని కనుక్కున్నట్టు రాబర్ట్ కోక్ ప్రకటించింది 1882లో. చిత్రం వేసేనాటికి జబ్బుకు కారణం తెలుసు, మందు లేదు. ఈ నిజాల నుంచి లాగే తీర్మానం ఒకటే: చిత్రంలోని పిల్ల సోఫీ, చిత్రం చిత్రకారుడి జ్ఞాపకం, ఆ గీతలు అతని వేదన.

ఈ తీర్మానం చిత్రం ఎలా తయారయిందన్న చరిత్ర ముందు నిలబడదు. దిండుకు ఆనుకుని కూర్చున్నది బెట్సీ నీల్సెన్ అనే పదకొండేళ్ళ అమ్మాయి. సోఫీ పోయిన ఎనిమిదేళ్ళ తర్వాత ముంక్ ఆమెను కూర్చోబెట్టి బొమ్మ వేశాడు. తలవంచిన స్త్రీకి నమూనాగా కూర్చున్నది తల్లి చెల్లెలు కారెన్ బ్యోల్‌స్టాడ్. తల్లి పోయాక ఆ ఇంటి పిల్లలను పెంచిన పిన్ని ఆమె. సోఫీ చనిపోయిన గదిలో తల్లి లేదు, ఆమె అప్పటికే తొమ్మిదేళ్ళ కిందట పోయింది. చిత్రంలోనైతే చూసినవారిలో ఎక్కువమంది ఆ స్త్రీని తల్లిగానే గుర్తిస్తారు. ఆమె పిన్ని అని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. అంటే ఈ చిత్రం జరిగినదాని ప్రతి కాదు. ఒక పరాయి పిల్లను చనిపోయినవారి చోట కూర్చోబెట్టి, బతికున్న పిన్ని ముఖాన్ని దాచి, తల్లి కావచ్చుననిపించే ఆకారాన్ని కట్టారు. జ్ఞాపకం ఇక్కడ ముడిసరుకు. ముడిసరుకునే వస్తువనుకోవడం విమర్శ చేసే మొదటి తప్పు.

రెండో తప్పు సంప్రదాయాన్ని చూడకపోవడం. దిండుకు ఆనుకున్న జబ్బు పిల్ల ఆనాటి ఉత్తర యూరప్ చిత్రకళలో అరిగిపోయిన వస్తువు. ముంక్‌కు గురుతుల్యుడైన క్రిస్టియన్ క్రోగ్ 1881లోనే ‘జబ్బు అమ్మాయి’ని వేశాడు. కుర్చీలో, తెల్లదిండు మీద, చేతిలో రాలిపోతున్న గులాబీతో ఆ పిల్ల సూటిగా మనవైపే చూస్తుంది. ఆ కాలాన్ని దిండ్ల కాలమని ముంక్ తానే ఆ తర్వాత వేళాకోళంగా పేర్కొన్నాడు. క్రోగ్ చిత్రం పక్కన పెట్టి చూస్తే ముంక్ ఏమి తీసుకున్నాడో, ఏమి తీసేశాడో తెలుస్తుంది. దిండు ఉంచాడు, గులాబీ తీసేశాడు. మనవైపు చూసే చూపును తెరవైపు తిప్పాడు. ఒక్కతే ఉన్న పిల్ల ఎదుట ఇంకొకరిని కూర్చోబెట్టాడు. ఇవి ఒక చిత్రకారుడు ఇంకొక చిత్రకారుడికి ఇచ్చిన జవాబులు. ఒక ప్రబంధకవి అష్టాదశవర్ణనల్లో ఒకదాన్ని అందుకుని పూర్వకవి విడిచిన సందులోకి తన ఊహను పంపించినప్పుడు దాన్ని సంప్రదాయంతో సంవాదమని గుర్తించే చూపు తెలుగు శాఖల్లో ఉంది. అదే చూపు ముంక్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మూసుకుపోతుందో అర్థం కాదు. పాశ్చాత్యుడు కనుక సంప్రదాయం లేకుండా ఒట్టి గుండెతో వేశాడని అనుకోవడం ఒక రకమైన తక్కువ చూపే.

మూడోది, అన్నిటికన్న పెద్దది, శ్రమను చూడకపోవడం. కేక ఒక్కసారే వస్తుంది. ఈ చిత్రం ఆరుసార్లు వచ్చింది. మొదటి ప్రతి నేడు ఓస్లోలోని జాతీయ మ్యూజియంలో ఉంది. 1896లో ఓలాఫ్ స్కౌ అనే సంపన్నుడి కోసం వేసిన రెండో ప్రతి స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఉంది. 1907లో బ్యాంకరు ఎర్నెస్ట్ థీల్ కోసం వేసినది స్టాక్‌హోంలో ఆయన పేరున్న గ్యాలరీలో, ఆ ఏడాదిదే ఇంకొకటి లండన్ టేట్‌లో ఉన్నాయి. 1925, 1927 నాటివి ఓస్లోలోని ముంక్ మ్యూజియంలో ఉన్నాయి. ఇవి గాక 1894లో రాగిరేకు మీద గీసిన అచ్చు, 1896లో రాతి మీద వేసిన రంగుల అచ్చులు ఉన్నాయి. ఇరవై రెండేళ్ళప్పుడు మొదలుపెట్టిన పనిని ముంక్ అరవై దాటాక కూడా చేస్తూనే ఉన్నాడు. వాటిలో రెండు మరొకరు కోరితే వేసినవి. కోరిక మీద, డబ్బు తీసుకుని, ఇరవై ఏళ్ళ తర్వాత వేసిన ప్రతి అప్పుకప్పుడు పొంగిన కన్నీరు కాలేదు కదా. అయినా థీల్ కోసం వేసిన చిత్రం ముందు నిలబడినవారికి అది అబద్ధమనిపించదు. సొంత దుఃఖపు పొంగే కళకు ప్రాణమనే సిద్ధాంతం ఈ ఒక్క చిన్న సంగతికి సమాధానం చెప్పాలి.

మొదటి ప్రతి కూడా ఒక్క విసురులో వచ్చినది కాదు. ఏడాది పొడుగునా వేసి, గీకి, ద్రావకంతో కరిగించి, మళ్ళీ వేసిన సంగతిని ముంక్ దశాబ్దాల తర్వాత రాసుకున్నాడు. మొదట చూసినప్పటి ముద్ర, ఆ పాలిపోయిన చర్మం, వణికే పెదవి, చేజారిపోతుంటే దాని కోసం వెతుకుతూ పోయానంటాడు. కుర్చీనీ గ్లాసునూ మరీ ఎక్కువగా వేశాననీ, అవి తల మీది దృష్టిని లాగేస్తున్నాయనీ గమనించి తగ్గించాడు. అన్నిటికన్న విచిత్రమైన సంగతి ఒకటి ఆ రాతలో ఉంది. పిల్లను చూస్తున్నప్పుడు తన కనురెప్పల వెంట్రుకలు కూడా ఆ దృశ్యంలో భాగమవుతున్నాయని కనిపెట్టి, వాటిని నీడలుగా చిత్రం మీద దించాడట. అంటే అందరూ వేదన అని పేరుపెట్టే ఆ గీతల్లో కొన్ని చూపుకు సంబంధించిన సమస్యకు వెతుక్కున్న పరిష్కారాలు. దుఃఖించే మనిషి తన కనురెప్పలను చూసుకోడు. పని చేసే చిత్రకారుడు చూసుకుంటాడు.

1886 శరత్కాల ప్రదర్శనలో, నాడు క్రిస్టియానియా అని పిలిచిన ఓస్లోలో, ఈ చిత్రానికి ముంక్ పెట్టిన పేరు ‘అధ్యయనం’. చూసినవారు నవ్వారు. పని పూర్తి చేయడం చేతకాక వదిలేసిన బొమ్మ అన్నారు. ప్రదర్శన తర్వాత ముంక్ దాన్ని క్రోగ్‌కు ఇచ్చేశాడు. చేతకాకపోవడమన్న ఆరోపణకు జవాబు మూడేళ్ళ తర్వాత ‘వసంతం’ రూపంలో వచ్చింది. 1889లో వేసిన ఆ పెద్ద కాన్వాసులోనూ జబ్బుపిల్లే, దిండే, పక్కన స్త్రీయే. కిటికీలోంచి ఎండ పడుతున్నది, తెర గాలికి ఊగుతున్నది, పూలకుండీలున్నాయి, ప్రతి వస్తువూ దాని నునుపుతో సహా కనిపిస్తుంది. నునుపుగా వేయడం ముంక్‌కు చేతనయిన పని. కనుక 1886లో నునుపును గీకేయడం ఒక ఎంపిక. సోఫీ మరణం రెండు చిత్రాలకూ సమానంగా వెనకే ఉంది. ఒకటి మనల్ని ఆపుతుంది, ఇంకొకటి మెప్పించి పంపేస్తుంది. తేడా దుఃఖంలో లేనప్పుడు ఎక్కడ ఉందో చెప్పే బాధ్యత విమర్శది. జీవితచరిత్రతో చదివేవారు ఆ బాధ్యతను ఎగ్గొడతారు.

ఇక్కడ ఎదుటి పక్షం చేతిలో ఉన్న గట్టి ఆయుధాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. ముంక్ స్వయంగా వారి పక్షాన సాక్ష్యం చెప్పాడు. దిండ్ల కాలపు చిత్రకారులెవరూ తమ వస్తువును తనలాగా చివరి బాధ దాకా బతకలేదని, అక్కడ కూర్చున్నది తానూ తనకు ప్రియమైనవారూ అని రాశాడు. దీన్ని కాదనడానికి లేదు. కాని ఆ సాక్ష్యం ఎప్పటిదో, పక్కన ఏముందో చూడాలి. అది చిత్రం వేసిన చాలా ఏళ్ళ తర్వాత, ఖ్యాతి వచ్చాక, తన పనికి తానే చరిత్ర రాసుకుంటున్న మనిషి మాట. ఏడాది శ్రమ గురించీ కనురెప్పల గురించీ చెప్పిందీ ఆ మనిషే. వేదన గురించిన వాక్యాన్ని మాత్రమే ఏరుకుని, ద్రావకం గురించిన వాక్యాన్ని వదిలేయడం సాక్ష్యాన్ని గౌరవించడం అనిపించుకోదు. ఇంకొక కథనమూ ఉంది. 1896లో పారిస్‌లో ఓగుస్ట్ క్లో అచ్చుశాలలో ఈ పిల్ల తలను రాతి అచ్చుగా వేయిస్తున్నప్పుడు ముంక్ కళ్ళు మూసుకుని, గాలిలో వేలు ఆడిస్తూ, రంగుల పేర్లు ఒక్కొక్కటే చెప్పేవాడని చిత్రకారుడు పాల్ హెర్మన్ గుర్తుచేసుకున్నాడు. ఆవేశవాదులకు ఇది పండగే. అయితే అప్పటికి రాళ్ళ మీద బొమ్మ సిద్ధంగా ఉంది, అచ్చువేసే నిపుణుడు సిద్ధంగా ఉన్నాడు, ఒక్కో వరుసకు ఒక్కో రంగు జతతో ఎన్నో ప్రతులు తీయబోతున్నారు. కళ్ళు మూసుకోవడానికి ముందు పదేళ్ళ పని ఉంది. ఆశువుగా పద్యం చెప్పే అవధాని వెనక ఎంత ధారణ, ఎంత అభ్యాసం ఉంటుందో తెలిసిన జాతికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మొదటి గంటకు, అభినవగుప్తుని దగ్గరకు, తిరిగి వెళ్ళవచ్చు. ధ్వన్యాలోకానికి రాసిన లోచన వ్యాఖ్యలో, క్రౌంచమిథున ఘట్టం దగ్గర, ఆయన ఒక జాగ్రత్త చెబుతాడు. అక్కడి శోకాన్ని మునికి చెందిన శోకమని అనుకోకూడదు. ముని తానే ఆ దుఃఖంతో కుమిలిపోతుంటే రసానికి చోటే ఉండదు, దుఃఖంతో తపించేవాడికి ఆ స్థితిలో శ్లోకం రాదు. ఆ ఘట్టాన్ని ఈనాటికీ వాల్మీకి సొంత కన్నీటి కథగా చెప్పుకునే అలవాటుకు వెయ్యేళ్ళ కిందటి ఖండనం ఇది. అభినవభారతిలో ఆయన రసవిఘ్నాలను లెక్కపెట్టినప్పుడు వాటిలో రెండు సరిగ్గా ఇక్కడికి వర్తిస్తాయి. ఒకటి, ఇది నాది లేదా ఇది ఫలానావారిది అని అనుభవాన్ని ఒక దేశానికీ ఒక కాలానికీ ఒక మనిషికీ కట్టేయడం. రెండోది, తన సుఖదుఃఖాలకు తాను వశమైపోవడం. మొదటి విఘ్నం నేటి జీవితచరిత్రాత్మక విమర్శకు పెట్టని పేరు. ‘ఈమె సోఫీ, ఇది 1877’ అని చిత్రం కింద చీటీ అంటించిన క్షణాన చూసేవాడు పరాయివాడైపోతాడు. పాపం ముంక్ అని జాలిపడి పక్క గదిలోకి వెళ్ళిపోతాడు. చీటీ లేకపోతే ఆ స్థలంలో తనకు తెలిసిన పడక, తనకు తెలిసిన గ్లాసు ఉంటాయి.

అభివ్యక్తి అనే మాటకు శాస్త్రంలో ఉన్న అర్థం ఇదే. దీపం కుండను పుట్టించదు, చీకట్లో ఉన్న కుండను కనబడేలా చేస్తుంది. కావ్యం సహృదయుడిలో ముందే ఉన్న స్థాయిభావాన్ని వెలుగులోకి తెస్తుంది. వెలుగు పడేది రసికుడి మీద, కవి ఇంటి మీద కాదు. ఎక్స్‌ప్రెషనిజానికి ఈ మాటను ఎంచుకున్నవారు ఈ అర్థాన్ని ఉద్దేశించారో లేదో గాని, యాదృచ్ఛికంగానైనా సరైన మాటనే ఎంచుకున్నారు. ఆ మాటను వెళ్ళగక్కడంగా మార్చింది తర్వాతి వాడుక. జర్మనీలో కూడా ఆ పేరు 1911 ప్రాంతాన ప్రచారంలోకి వచ్చింది. ముంక్ పిల్లను వేసిన పాతికేళ్ళ తర్వాతి సంగతి అది. 1912లో కొలోన్‌లో జరిగిన సోండర్‌బుండ్ ప్రదర్శనలో ముంక్‌కు ఒక గది ప్రత్యేకించి, కొత్త చిత్రకారులకు పూర్వీకుడిగా నిలబెట్టారు. పేరు వెనకనుంచి వచ్చి చిత్రం మీద పడింది. చిత్రాన్ని బట్టి పేరును సవరించుకోవాలే గాని పేరును బట్టి చిత్రాన్ని కుదించకూడదు.

చిత్రాన్ని చిత్రకారుడి శరీరానికీ మనసుకీ కట్టేసే చదువు అమాయకమైనదేమీ కాదు. దానికొక చరిత్ర ఉంది. 1937లో నాజీ ప్రభుత్వం ఆధునిక చిత్రకళను పతనమైన కళగా ముద్రవేసి, దాన్ని జబ్బు మనసుల లక్షణంగా ప్రజలకు చూపించింది. జర్మన్ మ్యూజియంల నుంచి తొలగించిన ముంక్ కృతులు 82. వాటిలో డ్రెస్డెన్ మ్యూజియంలో ఉన్న ‘జబ్బుపడిన పిల్ల’ ఒకటి. అది నార్వేకు చేరి, అక్కడ కొన్న థామస్ ఓల్సెన్ చేతుల మీదుగా 1939లో టేట్‌కు బహుమతిగా వెళ్ళింది. ముంక్ బాధను తలచి కన్నీరు పెట్టే విమర్శకుడినీ, జబ్బు కళ అని తరిమేసినవారినీ ఒక గాటన కట్టడం అన్యాయమే. కాని చిత్రం ఒక లక్షణం, దాని వెనక ఉన్న రోగిని చూడాలి అన్న మొదటి మెట్టు ఇద్దరికీ ఒకటే. ఒకరు జాలిపడతారు, ఇంకొకరు అసహ్యించుకుంటారు. చిత్రాన్ని ఇద్దరూ చూడరు.

తెలుగులో ఈ చర్చకు ఒక అభ్యంతరం వెంటనే వస్తుంది, రావాలి కూడా. దళితవాద, స్త్రీవాద విమర్శలు అనుభవానికి ఇచ్చిన ప్రాధాన్యాన్ని ఈ వాదం వెనక్కి నెడుతుందా? నెట్టదు. ఎవరి అనుభవానికి ఇంతకాలం సాహిత్యంలో చోటు దొరకలేదు, ఎవరి తరఫున ఎవరు మాట్లాడారు అని ఆ విమర్శలు అడిగాయి. అది హక్కుకు సంబంధించిన ప్రశ్న. కవి ఇంట్లో చావు జరిగింది కనుక పద్యం గొప్పది అనేది విలువ కట్టే పద్ధతికి సంబంధించిన సోమరితనం. రెండోది మొదటిదాని భాషను అరువు తెచ్చుకుని గౌరవం సంపాదించుకుంటున్నది. అణగారిన కవుల నిర్మాణ నైపుణ్యాన్ని పక్కకు నెట్టి, వారి కవిత్వాన్ని బతుకు గాయాల జాబితాగా మాత్రమే చదివే వ్యాసాలు ఈ సోమరితనం నుంచే పుడుతున్నాయి. దానివల్ల నష్టపోతున్నది కూడా ఆ కవులే.

క్షయ, యౌవనం, చావు అనగానే తెలుగు పాఠకుడికి ఒక పుస్తకం తొలిపుటలు గుర్తుకు రావాలి. ‘ఉదయిని’ పత్రిక నడిపిన కొంపెల్ల జనార్దనరావు (1907–1937) ముప్పై ఏళ్ళకే క్షయతో పోయాడు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ సంపుటిని అతనికి అంకితమిస్తూ రాసిన గీతం ఆ మరణం నుంచి పుట్టింది. దాన్ని స్నేహితుడి గుండెకోతగా చదవడం రివాజు. చనిపోయినవాణ్ణి ఎదుట ఉన్నట్టు పలకరించడం పాతకాలపు విలాపాలన్నిటిలో ఉన్నదే. దిండు మీది పిల్లలాగా అరిగిపోయిన పద్ధతే. ఆ పద్ధతిని తీసుకుని శ్రీశ్రీ ఏం చేశాడన్నది అడగవలసిన ప్రశ్న. పలకరింపు మిత్రుడి దగ్గర మొదలై, మిత్రుణ్ణి పట్టించుకోని లోకం మీదికి మళ్ళుతుంది. వినేవాడు మారిపోతాడు. పోయినవాడు వినలేడు గనుక ఆ మాటలు పాఠకుడి చెవిన పడతాయి, నిందలో కొంత భాగం పాఠకుడికీ చెందుతుంది. ముంక్ చిత్రంలో స్త్రీ ముఖం దాచడం వల్ల దుఃఖించే చోటు ఖాళీగా మిగిలి చూసేవాడు అందులోకి వచ్చినట్టే, ఇక్కడ వినలేని శ్రోత వల్ల ఖాళీ అయిన చోటులోకి పాఠకుడు వస్తాడు. పద్ధతులు వేరు, రెండూ పద్ధతులే.

ఇంకొక సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ సంపుటి పుస్తకంగా వచ్చింది 1950లో, కొంపెల్ల పోయిన పదమూడేళ్ళకు. ఆ మధ్యలో యుద్ధం వచ్చి పోయింది, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, శ్రీశ్రీ పేరు ఊరూరా తెలిసింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా, ఒక తరాన్ని కదిలించబోయే గీతాల ముందు, ఎక్కువమందికి తెలియని ఒక యువకుడి చావును గుమ్మంలా నిలబెట్టడం సంపుటి నిర్మాణానికి సంబంధించిన నిర్ణయం. లోపలికి వెళ్ళే ప్రతి పాఠకుడూ ఆ గుమ్మం దాటాలి. ‘మహాప్రస్థానం’ మీద వచ్చిన వ్యాసాలు అంకితగీతం కింద కొంపెల్ల జీవితవిశేషాలను తప్పకుండా ఇస్తాయి. పుస్తకం మొదట్లోనే ఆ గీతం ఉండటం వల్ల తర్వాతి గీతాల్లోని పిలుపు ఎవరు లేని చోటునుంచి వినిపిస్తున్నదో అన్న పరిశీలన ఇంకా జరగవలసే ఉంది.